రెండో సూది

పీల్చాడు. వదిలాడు. మళ్ళీ పీల్చాడు, ఈసారి గొంతులో సన్నని ఈల, ఇందాక ఈ ఈల లేదు, ఉందేమో, నేనే వినలేదేమో, ఈ గదిలో ఫ్యాను చేసే గోలకి మనసులో మాట మనకే వినపడదు, ఎవరైనా ఆ ఫ్యాను ఆపండర్రా అని అరవాలనుంది, కానీ అరిస్తే ఇతను అదిరిపడతాడు, నేను నోరు తెరిస్తే చాలు అదిరిపడుతున్నాడు. స్టేషన్ వెనక గదిలో గచ్చు మీద చతికిలబడి కూర్చున్నాను. నా ఒళ్ళో తాళాలు బాగుచేసే అతని కాళ్ళు రెండూ ఉన్నాయి. మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు ఎత్తిపెట్టాలని, రక్తం గుండెకి చేరాలని శిక్షణలో నర్సమ్మ చెప్పింది కాబట్టి ఎత్తిపెట్టాను. చెప్పులు ఎక్కడో ఊడిపోయాయి. పాదాలు తడిగుడ్డలా చల్లగా ఉన్నాయి. మొహం మాత్రం వాచి, పెదాలు వాచి, కళ్ళు రెండు గీతలై, పొద్దున బల్ల మీద ఒద్దికగా కూర్చున్న మనిషి ఇతనేనని చెబితే నేనే నమ్మను. ఒక సూది పొడిచేశాను. రెండోది నా కుడిచేతిలో ఉంది. అంబులెన్సు దారిలో ఉందంటున్నారు. దారిలో అంటే ఏ దారిలోనో అడిగే ధైర్యం నాకు లేదు.

భయంగా ఉంది. హెడ్ కానిస్టేబుల్ని, చొక్కా చేతి మీద పట్టీలున్నాయి, లాఠీ పట్టుకుని గుంపుల మధ్యలోకి నడిచినదాన్ని, శవాల పక్కన తెల్లవార్లూ కాపలా కాసినదాన్ని, అప్పుడెప్పుడూ లేని వణుకు ఇప్పుడు నా మోకాళ్ళలో మొదలై అతని కాళ్ళలోకి పాకుతోంది, లేకపోతే అతని కాళ్ళ వణుకే నాలోకి వస్తోందో, తెలియడం లేదు. మందు లోపలికి వెళితే ఒళ్ళు వణుకుతుందని, గుండె దడదడలాడుతుందని కూడా నర్సమ్మ చెప్పింది. అలాగైతే వణుకు మంచిదే. అతనిదైతే మంచిది. నాదైతే దేనికీ పనికిరాదు.

పొద్దున మేమే పిలిపించాం. ఇతను దొంగ కాదు. ఏదో కేసులో దొంగ దగ్గర దొరికిన మారుతాళంచెవి ఎవరి చేతిపనో చూసి చెప్పమని, రెండే రెండు ప్రశ్నలని పిలిపించాం. మా దగ్గర రెండు ప్రశ్నలంటే ఒక పూట. ఇన్‌స్పెక్టరుగారు మీటింగులో ఉన్నారు, ఇతను బల్ల మీద ఉన్నాడు, కిటికీలోంచి నేల మీద పడ్డ ఎండ గోడెక్కింది. మధ్యలో వాళ్ళక్క అన్నం డబ్బా పట్టుకొచ్చింది. గేటు దగ్గర సెంట్రీ ఆపాడు. బయటి తిండి మేం లోపలికి రానివ్వం. ఎవరు ఏం కలిపి తెస్తారో తెలియదు, లోపలున్న మనిషికి ఏదైనా అయితే మా మెడకి చుట్టుకుంటుంది. ఆ రూలు మంచిదేనని నేనూ ఎన్నోసార్లు వాదించాను. డబ్బా ఇప్పటికీ సెంట్రీ బల్ల మీదే ఉంది, మూత కూడా తీయలేదు. వాళ్ళక్క వరండాలో కూర్చుంది. ఇతను ఆకలితో ఉన్నాడని మీసాలాయనకి జాలేసింది. మీసాలాయన అంటే నాతోపాటు ఉద్యోగంలో చేరిన కానిస్టేబుల్. మీసం చూస్తే పిల్లలు దడుసుకుంటారు, మనసు వెన్న. ఈ స్టేషన్‌లోకి వచ్చినవాడెవడూ పస్తుండకూడదని ఆయన పట్టు. వాళ్ళావిడ చేసిన బిస్కెట్ల డబ్బా తెరిచి ముందు పెట్టాడు. ఇతను ఒకటి తీసుకుని వాసన చూశాడు. నేను పక్క బల్ల దగ్గర కాగితాలు సర్దుకుంటున్నాను.

"ఇందులో పల్లీలు ఏమైనా ఉన్నాయా సార్?"

"ఇదేమన్నా అత్తారిల్లా, వంకలు పెట్టడానికి? తిను బాబూ, విషం పెట్టట్లేదులే."

అందరం నవ్వాం. నేనూ నవ్వాను. అతనూ నవ్వాడు, నవ్వి తిన్నాడు. పల్లీ పడదని పసితనం నుంచీ తెలిసిన మనిషి, బయట మంచినీళ్ళు తప్ప ఏదీ ముట్టని మనిషి, యూనిఫాం తొడుక్కున్నవాడు తినమన్నాడు కాబట్టి తిన్నాడు. ఇంకోటి తీసుకో అంటే ఇంకోటి కూడా తీసుకున్నాడు. ఇదంతా తర్వాత గుమ్మం అవతల నుంచి వాళ్ళక్క గుండెలు బాదుకుంటూ చెబితే తెలిసింది. అడిగాడు కదా, నోరు తెరిచి అడిగాడు కదా మనిషి, ఉన్నాయి అనో లేవు అనో ఒక్క మాట చెబితే ఏం పోయేది, కానీ ఇక్కడ ప్రశ్నలు అడిగేది మేము, ఆ బల్ల మీద కూర్చున్నవాడు అడిగిన ప్రశ్న మా చెవికి ప్రశ్నలా వినపడదు, పొగరులానో వేళాకోళంలానో వినపడుతుంది. మీసాలాయన ఇప్పుడు గోడకి మొహం తిప్పి నిలబడి ఉన్నాడు. భుజాలు కదులుతున్నాయి. ఆయన్ని ఓదార్చే తీరిక ఇప్పుడు ఎవరికీ లేదు.

పీల్చాడు. వదలడానికి ఎక్కువసేపు పట్టింది. వదిలాడు.

మొదట ఒళ్ళు గోక్కున్నాడు. తర్వాత దగ్గాడు. తర్వాత గొంతు పట్టుకుని ఊపిరాడట్లేదు సార్ అన్నాడు. మా స్టేషన్ గోడలకి నోరుంటే ఆ మాట ఎన్నిసార్లు విన్నాయో చెప్పేవి. గుండెలో నొప్పి, కళ్ళు తిరుగుతున్నాయి, ఊపిరాడట్లేదు, గుమ్మం దాటిన ప్రతివాడికీ ఒక రోగం, వదిలేస్తే ప్రతివాడూ లేడిపిల్లే. నాటకాలాడకు అని ఎవరో అన్నారు. నేను కాదు. నేను అనుకున్నాను, పైకి అనలేదు, అంతే తేడా. ఇన్‌స్పెక్టరుగారు మీటింగు ముగిశాక తన గదిలోంచి వచ్చి చూసి, లేపి మొహం కడిగించండి అన్నారు. ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని లేపారు. మాకు చేతనైంది అదే కదా, పడ్డవాణ్ణి లేపడం, నిలబెట్టడం, జీపుదాకా నడిపించడం. నిలబెట్టగానే మొహంలో నెత్తురుచుక్క లేకుండా పోయింది, మోకాళ్ళు మడతపడ్డాయి, కాలరు పక్కకి జరిగితే మెడ నిండా ఎర్రటి దద్దుర్లు, ఒకదాని మీద ఒకటి లేస్తున్నాయి, చూస్తుండగానే లేస్తున్నాయి. అప్పుడు అరిచాను. పడుకోబెట్టండి, లేపకండి, నిలబెడితే చచ్చిపోతాడు అని అరిచాను. ఇన్‌స్పెక్టరుగారి ముందు అంత గొంతు ఎవరూ ఎత్తి ఉండరు. పట్టుకున్న ఇద్దరూ అతన్ని గచ్చు మీదికి దించారు.

తర్వాత పరుగు. మందుపెట్టె తుపాకుల గదిలో ఉంది. అక్కడెందుకు పెట్టారంటే, నవ్వొస్తుంది, ఇప్పుడు రావడం లేదు గానీ మామూలుగా నవ్వొస్తుంది, ఆ పసుపుపచ్చ పెట్టెలు పైనుంచి వచ్చిన రోజున మావాళ్ళు మూత తీసి చూశారు, లోపల రెండు పెన్నులు, పెన్నులో సూది, సూదికి స్ప్రింగు, తొడకి ఆనించి నొక్కితే దూసుకొస్తుంది, పోగొడితే పైవాళ్ళకి జవాబు చెప్పాలి, ఇలాంటి వస్తువు మా లెక్కలో ఆయుధమే. ఆయుధమైతే ఇనప బీరువాలోకి. బీరువాకి రెండు తాళాలు. ఒక చెవి ఆయుధాల మనిషి నడుముకి ఉంది, రెండోది వెతగ్గా వెతగ్గా సొరుగులో దొరికింది. ఎలాంటి తాళాన్నైనా చిటికెలో తీసే మనిషి అవతలి గదిలో ఊపిరికి కొట్టుకుంటున్నాడు. పెట్టె బయటికి తీశాక ఆయుధాల మనిషి అలవాటుగా పుస్తకం ముందుకి తోశాడు, నేను అలవాటుగా సంతకం పెట్టాను. పెట్టాను! పేరు, హోదా, కింద గీత, గీత చివర చుక్కతో సహా. ఆయన్ని అనడానికేముంది, పుస్తకం తొయ్యడం ఆయన చెయ్యి చేసింది, రాయడం నా చెయ్యి చేసింది, మా ఇద్దరి బుర్రలూ ఎక్కడున్నాయో తెలియదు. ఆ గీతా ఆ చుక్కా పెట్టినంతసేపు అతను పీల్చలేకపోయిన ఊపిరి ఇప్పుడు తెచ్చి ఇమ్మంటే ఎక్కణ్ణుంచి తెస్తాను.

శిక్షణకి స్టేషన్‌కొకరు రావాలన్నప్పుడు ఎవరూ ముందుకు రాలేదు. సూదులూ మందులూ ఆడవాళ్ళ పని కదక్కా అని నన్ను తోసేశారు. నాకా సూదంటేనే చచ్చేంత భయం. మా అమ్మాయికి పసితనంలో టీకా వేయించిన రోజున నేను ఆసుపత్రి మెట్ల మీదికి పారిపోతే మా ఆయనే పిల్లని పట్టుకుని కూర్చున్నాడు, పోలీసుదానివి, సిగ్గులేదూ అని ఇంటికొచ్చేదాకా ఆటపట్టించాడు, ఆ ముచ్చట మా అత్తగారు ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది. శిక్షణ పెద్ద హాల్లో. ప్లాస్టిక్ కుర్చీలు, చల్లారిన టీ, వెనక వరసలో కునుకు తీసేవాళ్ళు. నర్సమ్మ పొట్టి మనిషి, గొంతు మాత్రం పెరేడు చేయించేంత గట్టిది. ఒంటికి పడనిది తిని ఊపిరాడనివాళ్ళకి ఈ మందు, అంబులెన్సు కంటే మీ జీపు ముందు చేరుతుంది, అందుకే మీకిస్తున్నాం, మీ మీద ప్రేమతో కాదు అంది. సూది లేని ఉత్తుత్తి పెన్నులు పంచి, పక్కవాడి తొడ మీద గుచ్చమంది. ఉన్నవాళ్ళంతా పోలీసులు, ప్రతివాడూ దాన్ని పిస్తోలులా పట్టుకుని బొటనవేలు కొస మీద పెట్టాడు. తలకిందులుగా పట్టుకున్నావంటే ఆ వేల్లోకే దిగుతుంది నాయనా, అవతలివాడి ప్రాణమూ పోతుంది, నీ వేలూ పోతుంది, రోకలి పట్టుకున్నట్టు పిడికిట్లో పట్టుకో అని ఒక్కొక్కరి వేళ్ళూ విప్పి మళ్ళీ మడిచింది. మూత పీకు, తొడకి గుచ్చు, కదలకుండా పట్టుకో. ఐదు నిమిషాలు చూడు, తేలిక పడకపోతే రెండోది. హాలంతా నవ్వులే నవ్వులు. చివర్లో ఎంతమందికి భయమేస్తోంది అని అడిగింది. ఒక్క చెయ్యీ లేవలేదు. అయితే మీరెవరూ సరిగా వినలేదన్నమాట అని తన సంచీ సర్దుకుంది.

విన్నాను నర్సమ్మా. నీ ఉత్తుత్తి పెన్ను టిక్కుమని మోగింది. ఇది మోగిందా? వాళ్ళక్క అరుపులు, ఇన్‌స్పెక్టరుగారి ఫోను, ఫ్యాను, వీటన్నిటి మధ్య ఏదో చప్పుడైతే అయింది, అది పెన్నుదేనా, నా పళ్ళు కొట్టుకున్న చప్పుడా? నెమ్మదిగా లెక్కపెట్టమన్నావు, నేను పెట్టిన లెక్క నెమ్మదా, ఒకటిరెండుమూడు అని ఒక్క గుక్కలో మింగేశానా? ప్యాంటు మీద నుంచే పొడిచాను, పొడవచ్చన్నావు, జేబులో తాళంచెవుల గుత్తి ఉండి సూది దానికి తగిలి వంగిపోయి ఉంటే? లేదు లేదు, జేబులు ఖాళీ చేయించాకే కదా బల్ల మీద కూర్చోబెడతాం, మాకున్న పాడు అలవాట్లలో ఆ ఒక్కటైనా పనికొచ్చింది. మరి మందు వెళ్ళిందా? వెళితే ఈ ఈల ఎందుకు పెరుగుతోంది? వాడేసిన పెన్ను దొర్లుకుంటూ బల్ల కిందికి పోయింది, చూస్తే తెలుస్తుంది, చూడాలంటే ఇతని కాళ్ళు దించాలి, దించితే ఏమవుతుందోనని దించలేదు. ఇందాక కొంచెం తేలిక పడ్డాడు కదా, నిజంగానే పడ్డాడు, మేడం అన్నాడు, ఆ మాట గొంతులోంచి స్పష్టంగా వచ్చింది. అంటే మందు వెళ్ళింది, వెళ్ళి చాలలేదు.

గోడ గడియారంలో ముల్లు ఐదు నిమిషాల గీత దాటింది. నేను దాన్ని చూడనట్టు నటిస్తున్నాను. పెదాల అంచు నీలంగా మారుతోంది, మారడం లేదు, ట్యూబులైటు వెలుతురు అలా ఉంది, కాదు, మారుతోంది. పీల్చాడు, సగంలో ఆగింది, మళ్ళీ లాగాడు, మెడ నరాలు తాళ్ళలా బిగిశాయి.

"సార్, రెండోది వేస్తున్నాను."

"ఆగమ్మా." ఇన్‌స్పెక్టరుగారు గుమ్మం అవతల నుంచే అన్నారు. "అంబులెన్సు రానీ. ఇది కూడా నువ్వే పొడిచి, జరగరానిది జరిగితే మనం ఏం చెప్పుకుంటాం?"

ఆయన మాటలో కోపం లేదు. నాలో ఉన్నదే ఆయనలోనూ ఉంది. ఏం చెప్పుకుంటాం, అవును, పేపర్లో ఎలా రాస్తారో నాకిప్పుడే కనబడుతోంది. ప్రశ్నించడానికి పిలిపించారు, ఇంటి అన్నం గేటు దగ్గర ఆపారు, తమ తిండి పెట్టారు, పడిపోతే నాటకమన్నారు, తర్వాత అదేదో సూది ఒకటికి రెండు పొడిచారు, చచ్చిపోయాడు. అందులో ఒక్క అబద్ధం ఉండదు. నా ఉద్యోగం పోతుంది, పోతే పోయింది అని ధైర్యంగా అనుకోవాలి కదా ఇలాంటప్పుడు, అనుకోలేకపోతున్నాను, అమ్మాయి చదువు, ఇంటి అద్దె, ఇరుగుపొరుగు చూసే చూపు, అన్నీ వరసగా వచ్చి నిలబడుతున్నాయి, సిగ్గులేకుండా ఇప్పుడే వచ్చి నిలబడుతున్నాయి. పొడవకుండా ఊరుకుంటే తప్పు నాది కాదు. ఆగమన్నారు, ఆగాను. చచ్చిపోయినా నా చేతిలో చచ్చిపోలేదు, నా ఒళ్ళో చచ్చిపోయాడు, అంతే. ఈ పాదాలు ఇలాగే ఉంటాయి నా ఒళ్ళో, ఇంటికి వెళ్ళినా ఉంటాయి, అన్నం తింటున్నా ఉంటాయి.

మూత పీకేశాను. రోకలి. బొటనవేలు ఎక్కడుంది, పిడికిలి మీదకి మడిచి ఉంది, కొస మీద లేదు, మళ్ళీ చూసుకున్నాను, లేదు. అతని కళ్ళ గీతల్లోకి వంగి, తొడలో ఇంకోసారి గుచ్చుతాను బాబూ, ఊపిరి వస్తుంది అన్నాను, మెత్తగా అనబోయాను, పెరేడు గొంతే వచ్చింది. సరే మేడం అన్నట్టు పెదాలు కదిలాయి. ఈ మనిషి దేనికైనా సరే అంటాడు. ఆ సరేని నమ్మలేదు. నర్సమ్మని నమ్మి గుచ్చాను. టిక్కుమంది. ఈసారి విన్నాను, నా చేతి ఎముకలోకి తన్నింది, ఒకటి, తొందరపడకు, రెండు, తొందరపడకే పిరికిదానా, మూడు, ఇన్‌స్పెక్టరుగారు ఏదో అంటున్నారు, నాలుగు, వినను, ఐదు. తీసి, పెన్ను గోడ వైపు పెట్టి, ఆమెని లోపలికి రానివ్వండి అన్నాను. ఎవరూ కదల్లేదు. వాళ్ళక్కని లోపలికి రానివ్వండర్రా! అప్పుడు సెంట్రీ పక్కకి జరిగాడు.

ఆమె వచ్చి తమ్ముడి తల దగ్గర కూలబడింది. నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. వాడి నుదుటి మీద చెయ్యేసి, ఉండు నాన్నా, నేనొచ్చాగా, ఉండు అని అంటూనే ఉంది. నేను అతని మణికట్టు పట్టుకుని కూర్చున్నాను. నాడి పరుగెడుతోంది, ఎక్కడికో తెలియదు, పరుగెడుతోంది. పీల్చాడు. ఈల. వదిలాడు. ఈల. పీల్చాడు. ఈసారి ఈల చివర్లో కాస్త తెగింది. నా చెవుల్ని నమ్మలేదు. ఇంకొకటి విన్నాను, ఇంకొకటి. మెడ నరాలు సడలాయి. పెదాల మీద నీలం, ట్యూబులైటుదో అతనిదో, తగ్గింది. అక్కా అన్నాడు. ఆమె నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది.

ఆ మాట వినే ఇన్‌స్పెక్టరుగారు గదిలోకి వచ్చి ఉంటారు. మంచి మనసుతోనే వచ్చారు, ఎలా ఉన్నాడో చూద్దామని, వెనకాలే మిగతావాళ్ళు. బూట్ల చప్పుడుకి అతను కళ్ళు తెరిచాడు. ఎదురుగా యూనిఫాంలు, అన్నిటికన్నా ముందు పెద్దాయనది. అతని మోచేతులు నేలకి ఊతంగా బిగుసుకున్నాయి. తల లేచింది, వీపు లేస్తోంది, కాళ్ళు నా ఒళ్ళోంచి లాక్కుంటున్నాడు. ఏమైందో నాకు క్షణం అర్థం కాలేదు. పెద్ద సారొస్తే లేచి నిలబడాలి కదా. నిలబడితే చచ్చిపోతాడు. లేవకు అన్నాను, గట్టిగా అన్నాను, ఆ గొంతుకి ఇంకా బెదిరి ఇంకా లేవబోయాడు, సారీ సార్, లేస్తున్నా సార్ అంటున్నాడు, ఈల మళ్ళీ మొదలైంది, మణికట్టులో నాడి సన్నబడి నా వేళ్ళ కింద నుంచి జారిపోతోంది. రెండు చేతులతో కాళ్ళు అదిమిపట్టాను. ఇంకో పెన్ను లేదు. పెట్టెలో ఇంకేమీ లేదు.

"మీరు కూర్చోండి సార్!"

వాళ్ళక్క. అరవలేదు, బతిమాలలేదు, ఇంట్లో పిల్లవాడికి చెప్పినట్టు చెప్పింది.

"మీరు నిలబడి ఉన్నంతసేపూ వాడు పడుకోడు. కూర్చోండి."

ఇన్‌స్పెక్టరుగారు చుట్టూ చూశారు. కుర్చీ లేదు. ఉన్నా, కుర్చీలో కూర్చున్న ఇన్‌స్పెక్టరు ముందు మాత్రం ఎవడు పడుకుంటాడు. ఆయన నా వైపు చూశారు, అవును సార్ అన్నాను, అన్నానో తల ఊపానో. టోపీ తీశారు. ఒక చెయ్యి గోడకి ఆనించి, బెల్టు పొట్టలోకి నొక్కుకుంటుంటే మూలిగి, ఒక మోకాలు, తర్వాత రెండోది, గచ్చు మీద కూర్చున్నారు. పడుకో బాబూ, నేనూ కూర్చున్నా చూడు అన్నారు. అతను ఆయన వెనక నిలబడ్డవాళ్ళని చూస్తున్నాడు. మీసాలాయన గోడకి జారగిలబడి మొహం కప్పుకుని కూర్చున్నాడు. ఆయుధాల మనిషి కూర్చున్నాడు. సెంట్రీ తుపాకీ ఎక్కడ పెట్టాలో పాలుపోక, దాన్ని ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని గుమ్మంలోనే కూర్చున్నాడు. అప్పుడు, అందర్నీ ఒక్కొక్కర్నే చూసుకున్నాక, అతని మోచేతులు మెల్లగా సడలాయి, తల వెనక్కి, వాళ్ళక్క అరచేతిలోకి వాలింది.

అంబులెన్సు మనుషులు స్ట్రెచరు పట్టుకుని లోపలికి వచ్చి గుమ్మం దగ్గరే ఆగిపోయారు. స్టేషన్ స్టేషనంతా నేల మీద కూర్చుని, అతను ఊపిరి పీల్చడం వింటోంది.